అంచులో దొరికే సాక్ష్యం: పాత రష్యన్ నాణేల్లో అసలేది, నకిలీ ఏది

1991లో సోవియట్ యూనియన్ కూలిపోయిన తరువాత రష్యాలో కొత్తగా డబ్బు చేతికందిన వర్గం తమ దేశపు పాత నాణేలను విరివిగా కొనడం మొదలుపెట్టింది. అంతవరకు ఐరోపా, అమెరికా వేలంశాలల్లో ఓ మోస్తరు ధర పలికిన జార్ల కాలపు రూబుళ్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. గిరాకీ వెంటే నకిలీలూ వచ్చాయి. నేడు మాస్కోలోని ఇజ్మైలొవొ సంతలోనూ, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఉదెల్నయ పాతసామాన్ల బజారులోనూ కేథరిన్ మహారాణి బొమ్మ ఉన్న ‘వెండి’ రూబుళ్లు కుప్పలుగా కనిపిస్తాయి. వాటిలో వెండి అన్నది పైపూతలో తప్ప మరెక్కడా ఉండకపోవడమే ఎక్కువ. వైద్యవిద్య కోసం రష్యా వెళ్లే తెలుగు విద్యార్థులు, పర్యాటకులు అలాంటి నాణేన్ని జ్ఞాపికగా తెచ్చుకుంటే పోయేదేమీ లేదు. అదే నాణెం కొన్నేళ్ల తరువాత ‘అరుదైన పురాతన రూబుల్’గా ఇంకొకరి చేతికి అమ్మకానికి వెళ్లినప్పుడే నష్టం మొదలవుతుంది.

ఆ నష్టం కొన్నవారి డబ్బుతో ఆగదు. పాత నాణెం ఒక చారిత్రక ఆధారం. ఏ ఏడాది ఏ టంకశాల పనిచేసింది, వెండిలో వన్నె ఎప్పుడు తగ్గింది, ఏ అచ్చును ఎంతకాలం వాడారు అన్న ప్రశ్నలకు చాలాసార్లు నాణేలే జవాబు చెబుతాయి. ఒక నకిలీ నాణెం నమ్మకంగా ఏదో ఒక జాబితాలోకి ఎక్కితే ఆ ఆధారమే కలుషితమవుతుంది, దాన్ని తొలగించడానికి ఒక్కోసారి తరాలు పడుతుంది. కనుక అసలు నకిలీల విచారణ సేకరణదారుల కాలక్షేపం మాత్రమే అనుకోవడం సరికాదు.

ఈ విచారణలో సాధారణంగా జరిగే పొరపాటు, చేతిలోని నాణేన్ని పుస్తకంలోని బొమ్మతో పోల్చి ‘అచ్చం అలాగే ఉంది’ అని తృప్తిపడటం. నకిలీదారు కూడా ఆ బొమ్మనే చూసి, దానికి తగ్గట్టే నాణేన్ని తయారుచేస్తాడు కాబట్టి పోలిక ఉండటంలో వింత లేదు. అడగవలసిన ప్రశ్న వేరు: ఈ లోహపు ముక్క ఫలానా ఏడాదిలో, ఫలానా టంకశాలలో, అప్పటి యంత్రాలతో, అప్పటి లోహంతో తయారై ఉండే వీలుందా? రూపాన్ని నకలు చేయడం తేలికే. తయారైన తీరును మొత్తంగా నకలు చేయడం అంత తేలిక కాదు, దానికయ్యే ఖర్చుకు చాలామంది నకిలీదారులు సిద్ధపడరు కూడా.

మొదటి జల్లెడ తూకం. రూబుల్ తూకం, వెండి వన్నె కాలాన్నిబట్టి మారుతూ వచ్చాయి. పీటర్ ద గ్రేట్ 1704లో ప్రవేశపెట్టిన రూబుల్, ఐరోపాలోని పెద్ద వెండి నాణెమైన థాలర్‌కు సమానంగా దాదాపు 28 గ్రాములు తూగేది. 1730ల నుంచి అన్నా, ఎలిజబెత్ మహారాణుల కాలంలో ఆ తూకం 25.85 గ్రాములకు, వన్నె వెయ్యికి 802 పాళ్లకు వచ్చింది. రెండవ కేథరిన్ కాలపు రూబుల్ 24 గ్రాములు, వన్నె 750. పాల్ చక్రవర్తి కాలంలో 1798 నుంచి 20.73 గ్రాముల తూకం, 868 వన్నె స్థిరపడ్డాయి. 1886 నుంచి 1915 వరకు సరిగ్గా 20 గ్రాములు, 900 వన్నె. ఈ చివరి రెండు ప్రమాణాలనూ గుణించి చూస్తే, రెంటిలోనూ స్వచ్ఛమైన వెండి 18 గ్రాములే అని తేలుతుంది. మారింది అందులో కలిపిన రాగి మాత్రమే. నకిలీలు చాలావరకు ఇక్కడే పట్టుబడతాయి, ఎందుకంటే చవకరకం తయారీలో ఒకే మందపు బిళ్లలను అన్ని కాలాల రూబుళ్లకూ వాడేస్తారు. అయితే 18వ శతాబ్దంలో నాణేలను ఒక్కొక్కటిగా కాక కుప్పగా తూచి సరిపుచ్చుకునేవారు. అందువల్ల పీటర్ కాలపు అసలు రూబుల్ ప్రమాణానికి ఒక గ్రాము అటూ ఇటూగా ఉండవచ్చు. 1886 తరువాతి యంత్రపు రూబుల్‌లో అంత తేడా ఉంటే మాత్రం, అరుగుదల బాగా కనిపిస్తే తప్ప, అనుమానించవలసిందే.

తూకం సరిపోయినంత మాత్రాన లోహం సరిపోయినట్టు కాదు. రాగి, నికెల్ మిశ్రమంతో చేసిన బిళ్లను కాస్త మందంగా కోస్తే 20 గ్రాములు వచ్చేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, త్రాసును సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా నీటిలో ముంచి వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి తూకం. 900 వన్నె వెండి సాంద్రత 10.3 కాబట్టి 20 గ్రాముల అసలు రూబుల్‌కు ఆ అంకె 1.94 దగ్గర ఆగుతుంది. రాగి, నికెల్ మిశ్రమమైతే 2.25 దాకా, ఇత్తడైతే 2.35 దాకా పోతుంది. నాణేనికి అంటిన గాలి బుడగలను ముందే తుడిచేయాలి. లేకపోతే అసలు నాణెం కూడా నకిలీలా కనిపిస్తుంది. ఈ పరీక్షతో నాణేనికి ఏ హానీ ఉండదు. కంసాలి గీటురాయి మీద గీసినా, అంచు మీద ఆకురాయి పెట్టినా అరుదైన నాణెం విలువలో చెప్పుకోదగ్గ భాగం అక్కడికక్కడే పోతుంది. ఆ పని ఎవరు సూచించినా ఒప్పుకోకూడదు.

వెండినే వాడి చేసిన నకిలీలు తూకంలో, సాంద్రతలో నెగ్గుతాయి. అక్కడినుంచి అసలు పరీక్ష మొదలవుతుంది. అది ముఖ్యంగా నాణెం అంచు మీద జరుగుతుంది.

బొమ్మ, బొరుసు రెండింటినీ అందరూ చూస్తారు, అంచును తిప్పి చూసేవారు తక్కువ. నకిలీదారు శ్రమ కూడా ఆ లెక్కలోనే పంచుకుపోతుంది. రష్యన్ రూబుల్ అంచు మాత్రం చాలా సంగతులు చెబుతుంది. ఎలిజబెత్ కాలపు రూబుళ్ల అంచు మీద అవి తయారైన టంకశాల పేరే అక్షరాలుగా ఉంటుంది: ‘సాంక్త్‌పీతెర్‌బుర్గ్‌స్కొగొ మొనెత్నొగొ ద్వొరా’, లేదా ‘మొస్కొవ్‌స్కొగొ మొనెత్నొగొ ద్వొరా’. కేథరిన్ కాలంలో ఆ రాత పోయి, తాడు పేనినట్టుండే వాలుగీతలు వచ్చాయి. చివరి జార్ నికొలస్ రూబుల్ అంచు మీద ‘చీస్తగొ సెరెబ్రా 4 జొలోత్నికా 21 దోల్యా’ అని, అంటే అందులోని స్వచ్ఛమైన వెండి తూకం ఉంటుంది. జొలోత్నిక్ 4.266 గ్రాములు, అందులో 96వ వంతు దోల్యా. లెక్క కడితే సరిగ్గా 18 గ్రాములు. దాని పక్కనే బ్రాకెట్లలో టంకశాల అధికారి పేరులోని పొడి అక్షరాలు. 1899 దాకా ‘ఆ గె’, అంటే అపొల్లోన్ గ్రాస్‌హోఫ్. 1913 నుంచి ‘వె ఎస్’, అంటే విక్టర్ స్మిర్నోవ్. 1890ల చివర సెయింట్ పీటర్స్‌బర్గ్ టంకశాల పనిభారం మోయలేకపోయినప్పుడు కొన్ని రూబుళ్లను విదేశాల్లో ముద్రింపజేశారు. పారిస్‌లో తయారైన వాటి అంచు మీద ఒక నక్షత్రం, బ్రసెల్స్‌లో తయారైన వాటి మీద రెండు నక్షత్రాలు ఉంటాయి. 1915 నాటి రూబుల్ అంచు మీద గ్రాస్‌హోఫ్ అక్షరాలు కనిపిస్తే ఇక భూతద్దం అవసరం లేదు. బజారు నకిలీల్లో ఇలాంటి పొంతన లేని జతలు తరచు కనిపిస్తాయి, ఎందుకంటే బొమ్మకు ఒక నాణేన్నీ, అంచుకు మరో నాణేన్నీ నమూనాగా తీసుకుంటారు.

ఇంకా సూక్ష్మమైన సంగతి, ఆ అక్షరాలు అంచు మీదికి వచ్చిన తీరు. టంకశాలలో నాణేనికి బొమ్మా బొరుసూ కొట్టడానికి ముందే, ఉత్త బిళ్లను అక్షరాలు చెక్కిన రెండు ఉక్కు పట్టీల మధ్య దొర్లించేవారు. ఒక్కో పట్టీ సగం చుట్టు ముద్రించేది. ఆ తరువాతే బిళ్ల అచ్చుల మధ్యకు వెళ్లేది, అక్కడ పడినప్పుడు ఎటు తిరిగి ఉంటే అటే ముద్ర పడేది. దీనివల్ల అసలు నాణేల్లో అంచు రాత మొదలయ్యే చోటుకూ బొమ్మకూ స్థిరమైన సంబంధం ఉండదు. ఒకే ఏడాది రూబుళ్లు రెండు పక్కపక్కన పెడితే ఒకదానిలో రాత జార్ గడ్డం కింద మొదలుకావచ్చు, మరోదానిలో తలవెనుక. ఒకదానిలో రాత బొమ్మవైపు నుంచి నిటారుగా చదవవచ్చు, మరోదానిలో తలకిందులుగా. రెండు పట్టీలు కలిసేచోట అక్షరాల మధ్య ఎడం కాస్త పెరగడమో తరగడమో కూడా సహజం. ఒక అమ్మకందారు దగ్గరున్న నాలుగైదు రూబుళ్లలోనూ రాత ఒకేచోట మొదలైతే అవన్నీ అక్షరాలు చెక్కిన ఒకే చట్రంలో పుట్టినవని అనుమానించాలి. అంచు చుట్టూ వెంట్రుకవాసి గీత నడిమధ్యన కనిపిస్తే అది రెండు సగాల మూసలో పోతపోసిన నాణేనికి ఉండే అతుకు. ఆ గీతను ఆకురాయితో రుద్ది చెరిపినా, రుద్దిన చోట అంచు తళుకు మిగతా చోట్లకంటే వేరుగా ఉంటుంది.

పోత నాణేలను పట్టుకోవడానికి మరో దారి కొలత. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుదించుకుంటుంది కనుక పోత నాణెం వ్యాసం నమూనాకంటే కాస్త తక్కువ వస్తుంది. నికొలస్ రూబుల్ వ్యాసం 33.65 మిల్లీమీటర్లు, పోత నకిలీలో అర మిల్లీమీటరు దాకా తరుగు కనిపించవచ్చు. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంలో చూస్తే సూదిపొడుపు గుంటలు, అక్షరాల మొదట్లో మెత్తబడిన మూలలు కనిపిస్తాయి. అచ్చుదెబ్బ తగిలిన అసలు నాణెంలో లోహం నడిమి నుంచి అంచువైపు పారుతుంది. ఆ పారుదల వల్లనే, అరగని నాణేన్ని దీపం కింద మెల్లగా తిప్పితే వెలుగు చక్రపు ఆకుల్లా తిరుగుతుంది. పోత నాణెంలో ఆ తిరుగుడు ఉండదు. బాగా అరిగిన లేదా రసాయనాలతో కడిగిన అసలు నాణెంలో కూడా అది ఉండదు కాబట్టి, వెలుగు తిరగకపోవడం ఒక్కటే తీర్పు కాదు.

అత్యంత ప్రమాదకరమైనవి పోత నాణేలు కావు. అసలు నాణెం నుంచే అచ్చు తీసి, సరైన వన్నె వెండి మీద సరైన యంత్రంతో కొట్టినవి. అక్షరాల తీరు, జుట్టు పాయలు, రాజచిహ్నమైన రెండుతలల గద్ద ఈకలు అన్నీ అసలైనవే, ఎందుకంటే అవి అసలు నుంచే దిగాయి. వీటిని పట్టిచ్చేది నమూనా నాణేనికి ఉన్న గాయాలే. ఏదో ఒక రూబుల్ శతాబ్దం పాటు చేతులు మారి చెంప మీద ఒక గాటు, తేదీ దగ్గర ఒక నొక్కు పొంది ఉంటుంది. దానినుంచి అచ్చు తీసినప్పుడు ఆ గాటూ నొక్కూ కూడా అచ్చులోకి దిగి, అక్కడినుంచి ప్రతి నకలు మీదికీ వస్తాయి. ఇద్దరు అపరిచితుల ఒంటి మీద ఒకేచోట ఒకే ఆకారపు పుట్టుమచ్చలు ఉండవు. రెండు నాణేల మీద ఒకేచోట ఒకే గాటు ఉంటే అవి వేర్వేరుగా అరిగినవి కావు. నకిలీదారులు ఈ గాయాలను అచ్చు మీద నున్నగా చెరపడానికి ప్రయత్నిస్తారు. చెరిపిన చోట మైదానం, అంటే బొమ్మ చుట్టూ ఉండే ఖాళీ చదును, అసహజంగా ఉబ్బెత్తుగానో, మెరుపుగానో మిగులుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఒక్క నాణేన్ని చూసి తేల్చరు. పాత వేలంపాటల ఛాయాచిత్రాల్లో అదే గాటు మరో నాణెం మీద ఉందేమోనని వెతుకుతారు. ఈ పనికి ఓపిక కావాలి, కానీ నకిలీని తిరుగులేకుండా నిరూపించే సాక్ష్యాల్లో ఇంతకంటే బలమైనది దాదాపు లేదు.

లోహపు లోపలి సంగతి కూడా కాలాన్ని చెబుతుంది. విద్యుత్తుతో వెండిని శుద్ధి చేసే పద్ధతి 19వ శతాబ్దం చివరగ్గాని వాడుకలోకి రాలేదు. అంతకుముందటి వెండిలో బంగారం, సీసం వంటివి లేశమాత్రంగానైనా మిగిలి ఉంటాయి. కేథరిన్ కాలపు రూబుల్ అన్నదానిలో ఈ లేశాలేవీ కనబడకుండా వెండీ రాగీ మాత్రమే తేటగా కనిపిస్తే అది నేటి శుద్ధ వెండి అయి ఉండే అవకాశం ఎక్కువ. ఎక్స్‌రే కిరణాలతో లోహాన్ని పరీక్షించే యంత్రాలు ఇప్పుడు పెద్ద నగల దుకాణాల్లోనూ ఉన్నాయి. అవి చూసేది నాణెం పైపొరను మాత్రమే. మందంగా వెండిపూత వేసిన నకిలీ ఆ యంత్రాన్ని మోసగించగలదు. నేలలో శతాబ్దాలు ఉన్న అసలు నాణెం పైపొరలో రాగి కరిగిపోయి, వన్నె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించనూ వచ్చు. యంత్రం ఇచ్చిన అంకెను సాంద్రత పరీక్షతో కలిపి చదివినప్పుడే దానికి అర్థం.

తయారీ చరిత్ర తెలియనివారికి లోపంగా కనిపించేది చాలాసార్లు అసలుతనానికి గుర్తు అవుతుంది. పీటర్ సంస్కరణలకు ముందు రష్యాలో చెలామణి అయిన వెండి కోపెక్కులు (కోపెక్ అంటే రూబుల్‌లో వందో వంతు) చేపపొలుసుల్లాంటి వంకరటింకర రేకులు. వెండి తీగను ముక్కలుగా నరికి, చదును చేసి, ముద్ర కొట్టేవారు. 1534లో 0.68 గ్రాములున్న కోపెక్ 1698 నాటికి 0.28 గ్రాములకు తగ్గింది. బొమ్మ సగమే పడటం, అంచు చీలి ఉండటం వీటికి సహజం. గుండ్రంగా, బొమ్మ నిండుగా, ముచ్చటగా ఉన్న కోపెక్‌నే అనుమానించాలి. 1760ల నాటి రాగి నాణేలు చాలావరకు పాతవాటి మీదే మళ్లీ కొట్టినవి. మూడవ పీటర్ 1762లో అయిదు కోపెక్కుల రాగి నాణేలను పది కోపెక్కులుగా మార్పించాడు, ఆయన్ను దించి గద్దెనెక్కిన కేథరిన్ వాటిని తిరిగి అయిదుగా మార్పించింది. అలాంటి నాణెం మీద మూడు ముద్రల ఆనవాళ్లు ఒకదాని కింద ఒకటి తొంగిచూస్తాయి. ఆ గజిబిజిని నకలు చేయడం నకిలీదారుకు తలకు మించిన పని.

ప్లాటినం నాణేల విషయం ఇంకా ఆసక్తికరం. 1828 నుంచి 1845 వరకు రష్యా 3, 6, 12 రూబుళ్ల ప్లాటినం నాణేలను విడుదల చేసింది. వాటి మీద ‘స్వచ్ఛమైన ఉరల్ ప్లాటినం’ అనీ, దాని తూకం ఇంత అనీ రాసి ఉంటుంది. మూడు రూబుళ్లకు 2 జొలోత్నికులు 41 దోల్యాలు, అంటే 10.35 గ్రాములు. విలువైన లోహానికి అయస్కాంతం అంటుకోదన్నది బజారులో అందరూ చెప్పే సూత్రం. అయితే ఉరల్ ప్లాటినంలో సహజంగానే ఇనుము ఉండేది. ప్లాటినాన్ని కరిగించగల కొలిమి అప్పటికి లేనందున, ఇంజనీరు ప్యోతర్ సొబొలెవ్‌స్కీ దాన్ని పొడిగా అదిమి, వేడిచేసి, సాగగొట్టే పద్ధతిని 1826లో రూపొందించాడు. ఆ పద్ధతిలో ఇనుము పూర్తిగా పోలేదు, సన్నటి రంధ్రాలూ మిగిలిపోయాయి. ఫలితంగా అసలు ప్లాటినం నాణెం బలమైన అయస్కాంతానికి కాస్త స్పందించవచ్చు, సాంద్రత కూడా శుద్ధ ప్లాటినానికి ఉండవలసిన 21.4 కంటే తక్కువే వస్తుంది. రెండు పరీక్షల్లోనూ ఆదర్శంగా నెగ్గిన ప్లాటినం నాణేన్నే మరింత జాగ్రత్తగా చూడాలి.

అసలు నాణేన్నే తీసుకుని దాన్ని అరుదైనదిగా మార్చడం వేరే విద్య. తేదీలోని ఒక అంకెను చెక్కి మరో అంకె చేయడం, రెండు మామూలు నాణేలను నిలువునా కోసి కావలసిన బొమ్మనూ బొరుసునూ అతికించడం ఇందులో పాతవి. అంకె పక్కన మైదానం గీరినట్టుందా, ఆ అంకె రూపం అదే ఏడాది నిక్కమైన నాణేలతో సరిపోతుందా అన్నది భూతద్దంలో చూస్తే తెలుస్తుంది. అన్నింటికంటే కష్టమైనది యెఫీమొక్. 1655లో జార్ అలెక్సేయ్ ప్రభుత్వం పశ్చిమ ఐరోపా థాలర్ల మీద రెండు చిన్న ముద్రలు కొట్టి 64 కోపెక్కుల విలువతో విడుదల చేసింది. ఒక ముద్ర గుర్రపు రౌతు బొమ్మ, మరొకటి 1655 అన్న తేదీ. మామూలు థాలర్ ధరకూ యెఫీమొక్ ధరకూ ఉన్న వ్యత్యాసం చాలా పెద్దది. అందుకే అసలు థాలర్ల మీద దొంగముద్రలు కొట్టడం మొదలైంది. అక్కడ తూకం, వన్నె, అంచు అన్నీ సరైనవే. మొట్టమొదట చూడవలసింది థాలర్ సొంత తేదీని: అది 1655 తరువాతిదైతే ముద్ర అబద్ధం. తరువాత వెనుకవైపు చూడాలి. బలంగా ముద్ర కొట్టినప్పుడు వెనుక ఆ మేరకు చదునుబడిన జాడ ఉండాలి. మిగిలింది అచ్చుల పోలిక. హెర్మిటేజ్ మ్యూజియం పరిశోధకుడు ఇవాన్ స్పాస్కీ ఈ ముద్రలను అచ్చులవారీగా వర్గీకరించి పెట్టారు. ఆ వర్గాల్లో దేనికీ చెందని ముద్రను నమ్మడానికి చాలా బలమైన కారణం కావాలి.

అసలుకూ నకిలీకీ మధ్య రష్యన్ నాణేల్లో ఒక విశాలమైన మసక ప్రాంతం ఉంది. 18, 19 శతాబ్దాల్లో సంపన్న సేకరణదారులు కోరితే టంకశాలే పాత నాణేలను మళ్లీ కొట్టి ఇచ్చేది, కొన్నిసార్లు పాత అచ్చులతో, కొన్నిసార్లు కొత్తగా చెక్కిన వాటితో. వీటిని ‘నొవొదెల్’ అంటారు. వీటిని కొట్టింది ప్రభుత్వ టంకశాలే అయినా, వాటి మీదున్న తేదీ వాటి పుట్టిన తేదీ కాదు. స్వయంగా గొప్ప సేకరణదారు అయిన గ్రాండ్ డ్యూక్ గెయోర్గి మిఖైలోవిచ్ చొరవతో 1890 ప్రాంతంలో ఈ పద్ధతికి అడ్డుకట్ట పడింది. సోవియట్ కాలంలోనూ కొన్ని పాత నాణేల పునర్ముద్రణలు జరిగాయి. గంగూత్ నౌకాయుద్ధ ద్విశతాబ్దికి 1914లో చేసిన రూబుల్‌ను 1920ల్లో సేకరణదారుల కోసం తిరిగి కొట్టారు. నొవొదెల్‌ను నొవొదెల్ అని చెప్పి అమ్మితే అది గౌరవనీయమైన వస్తువే. ఆ మాట దాచి అమ్మితే కొనేవాడికి నకిలీ కొన్నంత నష్టమూ జరుగుతుంది.

రాజ్యాలు కూడా ఈ పనిలో వెనకబడలేదు. 1788లో రష్యాతో యుద్ధానికి దిగిన స్వీడన్ రాజు మూడవ గుస్తావ్, అవెస్తా టంకశాలలో రష్యన్ అయిదు కోపెక్కుల రాగి నాణేలను ముద్రింపజేశాడు. 1787 తేదీ, యెకతెరీన్‌బుర్గ్ టంకశాల అక్షరాలు అన్నీ ఉన్నాయి. గద్ద తలల మీది కిరీటాలు మాత్రం రష్యన్ సామ్రాజ్య కిరీటంలా కాక స్వీడన్ రాజకిరీటంలా వచ్చాయి. చెక్కినవాడి చేతికి అలవాటైన రూపమే అచ్చులోకి దిగింది. ఇవాళ ఆ నకిలీయే అసలుకంటే ఎంతో ఖరీదైనది, దానికి నకిలీలు కూడా ఉన్నాయి. రష్యా సైతం తక్కువ తినలేదు: 1735 నుంచి 1868 దాకా సెయింట్ పీటర్స్‌బర్గ్ టంకశాల డచ్చి డ్యూకాట్ బంగారు నాణేలను గుట్టుగా ముద్రిస్తూ వచ్చింది. చివరికి డచ్చి ప్రభుత్వ నిరసనతో ఆ పని ఆగింది.

అత్యంత అరుదైన నాణేల విషయానికి వస్తే, పై పరీక్షలన్నీ అవసరమే కానీ చాలవు. 1825 నాటి కాన్‌స్టాంటిన్ రూబుల్ ఇందుకు ఉదాహరణ. ఆ ఏడాది నవంబరులో మొదటి అలెగ్జాండర్ తగన్‌రోగ్‌లో మరణించినప్పుడు, తమ్ముడు కాన్‌స్టాంటిన్ గద్దెనెక్కుతాడన్న భావనతో ఆయన బొమ్మతో మాదిరి రూబుళ్లు సిద్ధం చేశారు. కాన్‌స్టాంటిన్ ఎప్పుడో సింహాసనాన్ని వదులుకున్నాడు. డిసెంబరు 14న డిసెంబ్రిస్టులనే సైనికాధికారుల తిరుగుబాటు మధ్య నికొలస్ అధికారం చేపట్టాడు. ఆ మాదిరి నాణేలను ఆర్థిక మంత్రిత్వ శాఖ రహస్యంగా దాచింది. అంచు రాత ఉన్న అయిదు రూబుళ్లు 1879లోగాని వెలుగులోకి రాలేదు. వాటిలో ఒకటి హెర్మిటేజ్‌లో, ఒకటి మాస్కోలోని ప్రభుత్వ చారిత్రక మ్యూజియంలో, ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌లో ఉన్నాయి. ఈలోగా 19వ శతాబ్దంలోనే ప్రిన్స్ ట్రుబెట్‌స్కోయ్ పేరుతో ముడిపడిన దొంగ కాన్‌స్టాంటిన్ రూబుళ్లు ఐరోపాలో తిరిగాయి. ఇలాంటి నాణెం ఎక్కడైనా కొత్తగా బయటపడిందంటే, దాని లోహం కంటే ముందు దాని దారి అడగాలి: 1825 నుంచి నేటిదాకా ఎవరి దగ్గరినుంచి ఎవరి దగ్గరికి వచ్చింది, ఏ పాత వేలంపాట జాబితాలో దాని బొమ్మ ఉంది? అయిదువేలకో పదివేలకో దొరికిన కాన్‌స్టాంటిన్ రూబుల్‌కు ఈ ప్రశ్న వేయాల్సిన పనే లేదు. అయినా అలాంటివి కొని, ఆశతో దాచుకునేవారు ఉన్నారు, అది బాధాకరం.

ధ్రువీకరణ సంస్థల ప్లాస్టిక్ పెట్టెలు ఈ బాధ్యతను కొంత తేలిక చేశాయి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి సంస్థలు నాణేన్ని పరిశీలించి, సంఖ్య వేసి, సీలు చేసి ఇస్తాయి. ఆ పెట్టెలకూ నకిలీలు వచ్చాయి. పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి, అక్కడి ఛాయాచిత్రంలోని నాణెం, చేతిలో ఉన్న నాణెం ఒకటేనా అని గాటు గాటుగా పోల్చుకోవాలి. సంఖ్య దొరికిందన్న దానితో ఆగిపోతే నిజమైన సంఖ్యను అంటించుకున్న దొంగపెట్టె గెలుస్తుంది.

చట్టం కొనేవాడికి ఏపాటి అండ అన్నది కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో 1973 చట్టం ప్రకారం పాత నాణేల నకలుల మీద అవి నకలులని తెలిపే గుర్తు ఉండి తీరాలి. రష్యాలో, చెలామణి నుంచి తొలగిన నాణేలకు నకిలీలు చేసి అమ్మడం దొంగనోట్ల నేరం కిందికి రాదు, మోసం కిందికి వస్తుంది. మోసం నిరూపించాలంటే, అది నకిలీ అని అమ్మినవాడికి ముందే తెలుసునని చూపాలి. ‘నేనూ అసలే అనుకున్నాను’ అన్న ఒక్క మాటతో చాలా వ్యవహారాలు అక్కడే తెగిపోతాయి. పైగా నాణెం నిజంగా వందేళ్లు దాటిన అసలైనదైతే, అనుమతిపత్రం లేకుండా దాన్ని రష్యా సరిహద్దు దాటించడమే చట్టవిరుద్ధమవుతుంది. కాబట్టి డబ్బు చేతులు మారకముందే నాణెం ఛాయాచిత్రం, తూకం, వ్యాసం, అంచు రాత, అసలైనదన్న హామీ, కాదని తేలితే ఎన్నాళ్లలోపు డబ్బు తిరిగి ఇస్తారన్న గడువు అన్నీ రసీదు మీద రాతపూర్వకంగా ఉండేలా చూసుకోవాలి. అలా రాసివ్వడానికి అమ్మకందారు తటపటాయిస్తే ఆ బేరాన్ని అక్కడితో వదిలేయడం మంచిది.